పడమటి ప్రకాశంలో వైద్యం, పింఛను, న్యాయం: ఏ గడప తొక్కాలి, ఏ కాగితం అడగాలి

గిద్దలూరు నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి నూట నలభై కిలోమీటర్ల పైమాటే. నల్లమల దాటితే నంద్యాల అందులో సగం దూరంలోనే ఉంటుంది. 1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ తర్వాత కలెక్టరు ఆఫీసు తూర్పుకు పోయింది కానీ గిద్దలూరు, కొమరోలు, రాచర్ల జనం జబ్బు చేస్తే నేటికీ నంద్యాల, కర్నూలు వైపే చూస్తారు. మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుకు 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆఫీసులు దగ్గరికి రావడం మంచిదే. అయితే ఆఫీసు దగ్గరైనంత మాత్రాన మాలపల్లెకు, మాదిగపల్లెకు పని జరుగుతుందన్న హామీ లేదు. ఊళ్లోనే ఉన్న సచివాలయంలో కూడా ‘రేపు రా’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది.

మార్కాపురం, తర్లుపాడు, కొనకనమిట్ల, పెద్దారవీడు, దోర్నాల, ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు, త్రిపురాంతకం, కంభం, అర్ధవీడు, బేస్తవారిపేట, గిద్దలూరు, రాచర్ల, కొమరోలు మండలాల్లో పనిచేసే కార్యకర్తలకు, విద్యార్థులకు ఉపయోగపడాలని ఈ వివరాలు ఒకచోట చేర్చాం. మేం చెప్పదలచుకున్నది ఒకటే. పల్లె నుంచి ఆఫీసుకు వెళ్లిన మనిషి ఉత్త చేతులతో తిరిగి రాకూడదు. సేవ అందాలి, అందకపోతే ఎందుకు అందలేదో రాసిచ్చిన కాగితమైనా అందాలి.

పల్లెలో ఉండాల్సినవి

మొదటి మెట్టు ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ, గ్రామ ఆరోగ్య కేంద్రం. విలేజ్ క్లినిక్ అని జనం పిలిచే ఈ కేంద్రాలకు ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు ఉంటుంది. బీపీ, షుగరు పరీక్షలు, వాటి మందులు, గర్భిణుల నమోదు, పిల్లల టీకాలు ఇక్కడే జరగాలి. ఏ కార్యకర్తయినా ముందు చూడాల్సింది ఈ కేంద్రం ఎక్కడ ఉందన్నది. ఊరి నడుమ ఉంటే పల్లె ముసలివాళ్లు అక్కడికి వెళ్తున్నారా? ఆశా కార్యకర్త పల్లెలో ఇల్లిల్లూ తిరుగుతున్నారా, లేక పల్లె మొదట్లో ఆగిపోతున్నారా? టీకాల రోజు పల్లెలో ఎవరింటి ముందు కూర్చుంటున్నారు? ఈ మూడింటికి జవాబులు రాసుకుంటే సగం సర్వే అయిపోయినట్టే.

రెండో మెట్టు గ్రామ సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో పింఛన్లు, ఉపకార వేతనాలు, సంక్షేమ పథకాల పని చూసేది సంక్షేమ, విద్యా సహాయకులు. సర్టిఫికెట్ల అర్జీలు డిజిటల్ అసిస్టెంట్ దగ్గర పెట్టాలి. 2024 దాకా గడప దగ్గరికి వచ్చిన వలంటీర్లు ఇప్పుడు లేరు. చదువురాని వాళ్లకు అది పెద్ద లోటు. ఆ లోటును పల్లెలో చదువుకుంటున్న పిల్లలు కొంతవరకు పూడ్చవచ్చు. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ (95523 00009) ద్వారా ఫోనులోనే అనేక సర్టిఫికెట్లకు, సేవలకు దరఖాస్తు పెట్టవచ్చు. ఒక డిగ్రీ విద్యార్థి ఆదివారం పూట రెండు గంటలు కూర్చుంటే పది కుటుంబాల పని కదులుతుంది.

ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచు గూడేలకు దారి వేరు. వాళ్ల సంక్షేమం శ్రీశైలం ఐటీడీఏ చూస్తుంది. కాబట్టి చెంచుల అర్జీ ఏదైనా మండల ఆఫీసుతో పాటు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి కూడా ఒక నకలు పంపాలి.

ఆసుపత్రి మెట్లు

మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆపైన గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రభుత్వ ఆసుపత్రులు, వాటిపైన మార్కాపురం ప్రభుత్వాసుపత్రి, చివరికి ఒంగోలు సర్వజన ఆసుపత్రి. ఒక చోట నుంచి ఇంకో చోటికి పంపేటప్పుడు రిఫరల్ చీటీ తప్పకుండా తీసుకోవాలి. ఎందుకు పంపుతున్నారో, ఏ వైద్యం చేశారో, ఎన్ని గంటలకు పంపారో అందులో ఉండాలి. ‘ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి పోండి’ అని నోటిమాటగా చెబితే ఆలస్యానికి బాధ్యులెవరో తర్వాత తేలదు. దారిలో ప్రాణం పోయిన సందర్భాల్లో ఈ చీటీయే సాక్ష్యం.

పెద్ద జబ్బులకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇదే. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే అంటారు. దీనికి జిల్లా హద్దు లేదు. గిద్దలూరు మనిషి నంద్యాలలోనో కర్నూలులోనో పథకం పరిధిలో ఉన్న ఆసుపత్రిలో చేరవచ్చు. ఆధార్, బియ్యం కార్డు తీసుకుని ఆసుపత్రిలోని వైద్యమిత్ర కౌంటరుకు ముందు వెళ్లాలి. డబ్బు కట్టి చేరిపోయాక పథకంలోకి మార్చమంటే ఇబ్బంది పెడతారు. పథకంలో ఉన్న వైద్యానికి విడిగా డబ్బు అడిగితే రసీదు అడగండి, 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. రసీదు అడిగేసరికి చాలాచోట్ల ఆ అడగడమే ఆగిపోతుంది.

ఇక్కడ మార్కాపురం మెడికల్ కాలేజీ సంగతి కూడా చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త మెడికల్ కాలేజీలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. మార్కాపురం, ఆదోని, మదనపల్లె, పులివెందుల మొదటి విడతలో ఉన్నాయి. దళిత సంఘాలు అడగాల్సిన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. కాలేజీకి అనుబంధమయ్యే ఆసుపత్రిలో ఎన్ని పడకలు పూర్తిగా ఉచితం? కార్డు లేని వలస కూలీకి వైద్యం ఎవరు చేస్తారు? మెడికల్ సీట్లలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఎలా అమలవుతుంది? ఒప్పందం కాగితాల్లో ఈ మూడింటికి స్పష్టమైన జవాబు ఉండాలని ఇప్పుడే పట్టుబట్టాలి.

నీళ్లు, పలక దుమ్ము

ఈ నేల జబ్బుల్లో రెండింటికి డాక్టరు దగ్గరికి వెళ్లకముందే పని మొదలుపెట్టాలి.

ఒకటి ఫ్లోరైడు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పళ్లు గారపట్టడం, కీళ్లు బిగుసుకుపోవడం, నడుము వంగిపోవడం ఇక్కడి పల్లెల్లో కొత్తేం కాదు. ఊరి రక్షిత మంచినీటి ట్యాంకు నీళ్లు పరీక్ష చేయించి, పల్లె వాళ్లు తాగే బోరును వదిలేస్తే ఆ పరీక్షతో లాభం లేదు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి అర్జీ పెట్టేటప్పుడు దళితవాడలోని ప్రతి బోరు పేరు, చోటు రాసి, ఒక్కొక్క దానికి విడిగా ఫలితం ఇవ్వమని అడగాలి.

రెండోది సిలికోసిస్. మార్కాపురం పలకలు దేశమంతటా పిల్లల చేతుల్లోకి వెళ్లాయి. క్వారీల్లో రాయి తీసిన, ఫ్యాక్టరీల్లో కోసి నునుపు చేసిన మనుషుల ఊపిరితిత్తుల్లోకి ఆ దుమ్ము వెళ్లింది. దగ్గు, ఆయాసం చూసి టీబీ అనుకుని ఏళ్ల తరబడి మందులు మింగే ప్రమాదం ఈ జబ్బులో ఎక్కువ. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ సోకే అవకాశం కూడా ఎక్కువే. కాబట్టి పలకల పని చేసిన మనిషి ఆసుపత్రికి వెళ్తే ఎన్నేళ్లు ఏ పని చేశారో ఓపీ చీటీ మీద రాయించాలి, ఛాతీ ఎక్స్‌రే అడగాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఆ జాబితా కొనసాగింది. జబ్బును గుర్తించిన డాక్టరు దాన్ని రిపోర్టు చేయడం చట్టం పెట్టిన బాధ్యత. అలా రాసిన కాగితమే తర్వాత కార్మిక శాఖ దగ్గర నష్టపరిహారం అడగడానికి ఆధారం. టీబీ కూడా నిర్ధారణ అయితే పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది.

పింఛన్లు

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000, దీర్ఘకాలిక కిడ్నీ రోగులకు 10,000, పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకు 15,000 ఇస్తున్నారు. దళితవాడల్లో చాలామందికి తెలియని రెండు పింఛన్లు ఉన్నాయి. 50 ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు, 40 ఏళ్లు నిండిన సంప్రదాయ చర్మకారులకు కూడా 4,000 వస్తుంది. చావుకీ జాతరకీ డప్పు కొట్టించుకున్న ఊరు, ఆ మనిషికి పింఛను ఉందన్న మాట చెప్పదు. ఆ పని పల్లెలోని యువకులే చేయాలి.

హైదరాబాదుకో, గుంటూరు మిరప కోతలకో వలస వెళ్లిన వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వరుసగా రెండు నెలలు పింఛను తీసుకోకపోయినా మూడో నెల మూడూ కలిపి ఇవ్వాలి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు వితంతు పింఛను మొదలు కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం ఆలస్యమైతే ఇదీ ఆలస్యమవుతుంది.

వికలాంగుల పింఛనుకు సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. 2025లో సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించి, శాతం తగ్గిందంటూ రాష్ట్రమంతా వేలాది మందికి నోటీసులు ఇచ్చారు. అలాంటి నోటీసు వస్తే అక్కడితో వదిలేయకూడదు. గ్రామాల్లో ఎంపీడీఓ దగ్గర, పట్టణాల్లో మున్సిపల్ కమిషనరు దగ్గర అప్పీలు పెట్టుకోవాలి. పాత సర్టిఫికెట్, ఆసుపత్రి కాగితాలు, నోటీసు నకలు జతచేసి రసీదు తీసుకోవాలి.

అడ్డుకుంటే నేరం

1985 జులై 17న కారంచేడులో జరిగిన ఊచకోత, దాని మీద లేచిన ఉద్యమం అప్పటి ప్రకాశం జిల్లా గడ్డ మీదివే. దేశం 1989లో అత్యాచారాల నిరోధక చట్టం తెచ్చుకోవడం వెనుక అలాంటి ఉద్యమాల ఒత్తిడి ఉంది. ఆ చట్టాన్ని కొట్టిన, చంపిన కేసులకే వాడాలని చాలామంది అనుకుంటారు. 2015 సవరణ తర్వాత 3(1)(జెడ్ఏ) కింద ఆసుపత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, బడి, కొట్టు వంటి చోట్లకు దళితులను రానివ్వకుండా అడ్డుకోవడం పేరుపేరునా నేరం. బావి, కుళాయి, శ్మశానం వాడుకోనివ్వకపోవడం కూడా అందులోనే ఉంది. సెక్షన్ 4 ప్రకారం ఈ చట్టం కింది విధులను కావాలని నిర్లక్ష్యం చేసిన దళితేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడవచ్చు.

ఫిర్యాదు నోటితో చెప్పినా స్టేషన్ అధికారి రాసుకుని, చదివి వినిపించి, నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపాలి. బాధితులకు నేరాన్ని బట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల దాకా సాయాన్ని 2016 నిబంధనలు నిర్ణయించాయి. వైద్యం ఖర్చు, ప్రయాణ ఖర్చు అడిగే హక్కు కూడా ఉంది. వీటిని సమీక్షించే డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీకి సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ అధ్యక్షులు. జిల్లా కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, మినిట్స్ ఏవి అని సమాచార హక్కు కింద అడగండి.

వకీలు ఖర్చుకు భయపడాల్సిన పని లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. మార్కాపురం, గిద్దలూరు కోర్టుల్లోని మండల న్యాయ సేవల కమిటీ దగ్గర అర్జీ పెట్టవచ్చు.

క్రైస్తవ దళితుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులుగా నమోదైన వాళ్లకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కింద వస్తారు. 2025లో హైకోర్టు ఒక తీర్పులో, మతం మారినవాళ్లు అత్యాచారాల చట్టాన్ని వాడుకోలేరని చెప్పింది. కానీ వైద్య సేవకు, వృద్ధాప్య, వితంతు, వికలాంగ పింఛన్లకు కులంతో పని లేదు. ‘మీరు చర్చికి పోతారుగా’ అని ఎవరైనా ఆ అర్జీలు తిప్పి పంపితే అది అబద్ధపు సాకు.

కాగితం ఎలా కదిలించాలి

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడిచ్చే అర్జీకి నంబరు వస్తుంది. 1100కు ఫోను చేసి ఆ నంబరు చెబితే అర్జీ ఎక్కడుందో తెలుస్తుంది. ‘పరిష్కరించాం’ అని రాసి పని చేయకుండా మూసేస్తే మళ్లీ తెరిపించమని అడగాలి. అర్జీలో ఒక సమస్యే రాయండి. పేరు, పల్లె, తేదీ, ఎవరిని కలిశారు, ఏమన్నారు అన్నవి చాలు.

సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఏ తేదీన ఏ ఆఫీసుకు వెళ్లారు, ఏ కాగితం ఇచ్చారు, ఏం జవాబు వచ్చింది అని ఐదు గడులు గీస్తే చాలు. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడితే, అది ఒక్క మనిషి గోడు అని ఏ అధికారీ పక్కన పెట్టలేరు.

గోడ మీద రాసుకోవాల్సిన నంబర్లు

108 – అంబులెన్సు
104 – ఆరోగ్య సలహా, వైద్య సేవ ఫిర్యాదులు
102 – తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్
112 – పోలీసు, అత్యవసరం
181 – మహిళల సహాయం
1098 – పిల్లల సహాయం
14416 – మానసిక ఆరోగ్యం
14567 – వృద్ధుల సహాయం
14566 – ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదు
15100 – ఉచిత న్యాయ సహాయం
1100 – అర్జీల సమాచారం