నిద్రకు సాక్షి

నిద్ర జబ్బుల్లో ఒక చిక్కుంది. జబ్బు తన పని తాను చేసుకుపోయే వేళకు రోగికి ఒళ్లు తెలియదు. కడుపునొప్పి వచ్చినవాడు ఎక్కడ నొప్పో వేలుపెట్టి చూపిస్తాడు. రాత్రంతా వందలసార్లు ఊపిరి ఆగినవాడికి తెల్లారాక తెలిసేది నోరు పిడచకట్టుకుపోవడం, తల దిమ్ముగా ఉండడం, అంతే. మిగతాదంతా పక్కన పడుకున్నవాళ్లు చెప్పాలి. వాళ్లూ ఒక్కోసారి చెప్పరు. ‘గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు’ అంటే తెలుగులో హాయిగా పడుకున్నాడనే అర్థం. కుంభకర్ణుడితో పోల్చి నవ్వుకునే విషయానికి డాక్టరు దగ్గరకు ఎవరు పోతారు?

రోగి మెలకువగా ఉండి స్వయంగా చెప్పుకోగలిగిన జబ్బు ముందుగా పుస్తకాలకెక్కడం అందుకే వింతేమీ కాదు. పక్క మీద వాలగానే కాళ్లలో ఏదో పాకినట్టు, లాగినట్టు ఉండి, లేచి నడిస్తే తప్ప నెమ్మదించని బాధను ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లో లాటిన్‌లో వర్ణించాడు. న్యూరాలజీ అన్న మాట మొదలైంది కూడా ఈయన రచనల్లోనే. ఆ తర్వాత దాన్ని దాదాపు అందరూ మరిచిపోయారు. 1940లలో స్వీడన్ న్యూరాలజిస్టు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ ఇలాంటి రోగులను చాలామందిని కూర్చోబెట్టి విని, ‘రెస్ట్‌లెస్ లెగ్స్’ అని పేరు పెట్టాడు. ఇనుము తక్కువైనవాళ్లలో ఇది ఎక్కువని గమనించిందీ ఆయనే. కాళ్లు పీకుతున్నాయని వచ్చినవాళ్లకు ఇప్పటికీ ముందు రక్తంలో ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ ఎంతుందో చూస్తారు.

రెండో సాక్షి ఒక పిల్లవాడు. ఫ్రెంచి వైద్యుడు జెలినో 1880లో ప్రచురించిన కేసులో రోగి 38 ఏళ్లవాడు, మద్యం పీపాల వ్యాపారి. రోజుకు రెండు వందల సార్లదాకా నిద్ర ముంచుకొచ్చేది. అన్నం తింటూ తూగేవాడు, మాట మధ్యలో తూగేవాడు. గట్టిగా నవ్వొస్తే మోకాళ్లు సడలి కూలబడేవాడు. వీధిలోకి వెళ్లాలంటే పదమూడేళ్ల కొడుకు వెంట ఉండి తట్టి లేపాల్సిందే. జెలినో చేతిలో ఏ యంత్రమూ లేదు. రోగి చెప్పింది విన్నాడు, ఎదుట కూర్చున్న మనిషిని చూశాడు, మూర్ఛ కాదని తేల్చుకుని ‘నార్కోలెప్సీ’ అన్నాడు. ఇలాంటివాళ్లను అంతవరకూ బద్ధకస్తులనో మూర్ఛరోగులనో తీసిపారేసేవారు. ఆ తర్వాతా చాలాకాలం అలాగే జరిగింది.

నిద్ర మెదడు చేసే పని అన్న గట్టి ఆధారం మాత్రం మృతదేహాల నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వింత మెదడువాపు ఒకటి యూరప్‌లో వ్యాపించింది. కొందరు వారాల తరబడి నిద్రపోయేవారు, కొందరికి నిద్రే పట్టేది కాదు. వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనమో 1917లో దీన్ని వర్ణించాడు. చనిపోయినవారి మెదళ్లు కోసి చూస్తే, అతిగా నిద్రపోయినవాళ్లకు హైపోథాలమస్ వెనక భాగం, నిద్ర పట్టనివాళ్లకు ముందు భాగం దెబ్బతిని కనిపించాయి.

బతికున్న మనిషి నిద్రను చూసే మార్గం దొరికింది జర్మనీలోని యెనాలో. హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో తల మీద నుంచే మెదడు విద్యుత్తును నమోదు చేసి, అయిదేళ్లు దాచుకుని 1929లో బయటపెట్టాడు. 1937 నాటికి అమెరికాలో, వాల్‌స్ట్రీట్‌లో డబ్బు గడించి సొంత భవనంలో ప్రయోగశాల పెట్టుకున్న ఆల్‌ఫ్రెడ్ లూమిస్, నిద్రలో అంచెలున్నాయని ఈ గీతలతోనే చూపించాడు. షికాగోలో నథానియల్ క్లైట్‌మన్ దగ్గర చదువుకుంటున్న యూజీన్ అసెరిన్‌స్కీ 1951లో ఒక పాత యంత్రాన్ని బాగుచేసుకుని ఎనిమిదేళ్ల కొడుకును దానికి కట్టాడు. ఒక్క రాత్రికి అర మైలు కాగితం పట్టేది. గాఢంగా నిద్రపోతున్న పిల్లవాడి కనుగుడ్లు ఉన్నట్టుండి గబగబా కదలడం ఆ కాగితం మీద కనిపించింది. యంత్రం పాడైందేమోనని తండ్రికి ముందు అనుమానం. 1953లో ప్రచురితమైన ఆ పరిశీలనే ఆర్‌ఈఎం నిద్ర.

ఇంత కాగితం పోగుపడినా ఊపిరి సంగతి ఎవరికీ పట్టలేదు. 1956లో అమెరికన్ వైద్య పత్రికలో బర్వెల్ బృందం రాసిన కేసు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. రోగి 51 ఏళ్ల వ్యాపార సంస్థ అధికారి, బరువు 119 కిలోలు. వారం వారం స్నేహితులతో పేకాడేవాడు. ఒకరోజు చేతిలో మూడు ఆసులు, రెండు రాజులు పడ్డాయి. పోకర్‌లో అంతకన్నా మంచి ముక్కలు అరుదు. ఆ ముక్కలు పట్టుకునే నిద్రపోయాడు, ఆట పోయింది. కొద్దిరోజులకు ఆసుపత్రిలో చేరాడు. ఉద్యోగానికి చేటు వచ్చినా కదలని మనిషిని పేకాట కదిలించింది! డాక్టర్లు డికెన్స్ నవలలో కూర్చున్నచోటే జోగే లావుపాటి కుర్రవాణ్ణి గుర్తుచేసుకుని దీనికి ‘పిక్‌విక్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. పేరు కుదిరింది గానీ కారణం కుదరలేదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కలుగుతోందని రాశారు. ఆ మనిషి రాత్రి నిద్రలో ఏం జరుగుతోందో చూడలేదు.

చూసింది 1965లో. మార్సే నగరంలో గాస్తో బృందం, ఫ్రైబుర్గ్‌లో యుంగ్, కూలో ఎవరికి వారు ఇలాంటి రోగుల మెదడు గీతలతోపాటు శ్వాసను కూడా రాత్రంతా నమోదు చేశారు. గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోతోంది. ఛాతీ ఎగసిపడుతుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు క్షణకాలం మేలుకుంటుంది, పెద్ద గుర్రుతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర. రోగికి ఇవేవీ గుర్తుండవు. పగటి మత్తు, పొద్దుటి తలనొప్పి, రక్తపోటు దీని వెనకాలే వస్తాయి.

దారి గొంతులో మూసుకుంటోందని తెలిశాక వైద్యం తట్టింది, కానీ మోటుది. గొంతు ముందు శ్వాసనాళానికి రంధ్రం పెట్టి గొట్టం అమర్చేవారు. పగలు బిరడా వేసుకుని మాట్లాడాలి, రాత్రి తీసి పడుకోవాలి. గొట్టం రోజూ శుభ్రం చేసుకోవాలి, స్నానం చేసేటప్పుడు నీళ్లు పోకుండా చూసుకోవాలి. అయినా చేయించుకున్నవాళ్లు ఏళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయారు. పదేళ్లకు పైగా తీవ్రమైన కేసులకు ఇదే గతి.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియమ్ డిమెంట్ 1970లో నిద్ర జబ్బుల క్లినిక్ తెరిచాడు. 1972లో ఫ్రాన్స్ నుంచి వచ్చి చేరిన న్యూరాలజిస్టు క్రిస్టియన్ గిల్‌మినో గుండె, శ్వాస కొలతలను ప్రతి రోగికీ తప్పనిసరి చేయించాడు. ‘స్లీప్ ఆప్నియా సిండ్రోమ్’ అన్న పేరు 1976లో వీళ్లు స్థిరపరిచిందే. నిద్రను ముప్పై సెకన్లకు ఒక పుట చొప్పున చదవాలన్న పద్ధతి 1968లోనే వచ్చింది. ఎనిమిది గంటల నిద్రంటే 960 పుటలన్నమాట. తెల్లారాక ఒక టెక్నీషియన్ కూర్చుని అన్నీ తిరగేయాలి.

ఇలా రాత్రంతా నిద్రను నమోదు చేసే గది తీరు ఇప్పటికీ పెద్దగా మారలేదు. హైదరాబాద్ నిమ్స్‌లో అయినా, కార్పొరేట్ ఆసుపత్రిలో అయినా, తలస్నానం చేసి నూనె రాసుకోకుండా రమ్మంటారు. నూనె తలకు ఎలక్ట్రోడ్ల జిగురు పట్టదు. నెత్తి మీద, కణతల దగ్గర, గడ్డం కింద, పిక్కల మీద తీగలు. ఛాతీకి, పొట్టకు రెండు పట్టీలు. ముక్కు దగ్గర సన్న గొట్టం. వేలికి ఆక్సిజన్ క్లిప్పు. మూల నుంచి చీకట్లోనూ చూసే కెమెరా. రాత్రి లేవాలంటే పిలవాలి, ఎవరో వచ్చి తీగల మొదలు విప్పాలి. ఇన్ని తగిలించుకుని కొత్తచోట మొదటిరాత్రి సరిగా నిద్రపట్టదన్నది 1966 నాటి పరిశోధనలోనే తేలింది. పొద్దున్నే ‘కన్ను మూస్తే ఒట్టు’ అనే రోగి, కాగితం మీద నాలుగైదు గంటలు పడుకుని ఉంటాడు. అబద్ధమాడుతున్నాడని కాదు. తన నిద్రకు తానే సాక్షి కాలేకపోవడం అక్కడ బాగా కనిపిస్తుంది.

గొంతుకు రంధ్రం అక్కరలేని మార్గం 1980 జూన్‌లో సిడ్నీలో దొరికింది. కోత వద్దన్న ఒక రోగి, కోలిన్ సలివన్ చెప్పిన ప్రయోగానికి ఒక్క రాత్రికి ఒప్పుకున్నాడు. ముక్కు మీద తొడుగు, దానికి గాలి తోసే మోటారు. ఒత్తిడి పెంచుతుంటే ఊపిరి ఆగడం ఆగింది. తగ్గిస్తే మళ్లీ మొదలైంది. మరుసటేడు లాన్సెట్ పత్రికలో అయిదుగురు రోగుల వివరాలతో వ్యాసం వచ్చింది. సీపాప్ అని ఇప్పుడు పిలుస్తున్నది దీన్నే. తొలిరోజుల్లో ఇంటికి తీసుకెళ్లినవాళ్ల పాట్లు తక్కువ కాదు. ఎవరి ముఖానికి వాళ్ల అచ్చు తీసి చేసిన తొడుగును రాత్రి రాత్రీ సిలికాన్ జిగురుతో అతికించుకోవాలి, పొద్దున పీకాలి. మోటారు రొద సరేసరి. గురక పోయిందిగానీ పక్కవాళ్ల నిద్ర తిరిగి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

ఇంట్లోవాళ్ల సాక్ష్యం మళ్లీ ముందుకొచ్చింది మినియాపొలిస్‌లో. కలలో ఫుట్‌బాల్ ఆడుతూ ఎదుటివాణ్ణి ఢీకొన్నాననుకుని, లేచి చూసేసరికి గదిలో బీరువాను గుద్దుకున్న 67 ఏళ్ల పెద్దాయన ఒకరు. నిద్రలో తన్నులు తిన్న భార్యలు చెప్పినవి మరికొన్ని. కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ ఇలాంటివాళ్లను రాత్రంతా వీడియో తీసి, కలలు వచ్చే వేళ సడలి ఉండాల్సిన కండరాలు వీళ్లకు సడలడం లేదని 1986లో రాశారు. తమను తాము మంచానికి తాడుతో కట్టుకుని పడుకున్న రోగులూ ఉన్నారు. 1996 నాటికి అసలు సంగతి బయటపడింది: వెంబడించిన 29 మంది పురుషుల్లో 11 మందికి పార్కిన్‌సన్ తరహా జబ్బు వచ్చింది. అంతవరకూ పీడకలలుగా కొట్టిపారేసిన ఫిర్యాదు అప్పటినుంచి న్యూరాలజిస్టులకు తొలి హెచ్చరిక అయింది.

రోగి నోటితోనే చెప్పించే ప్రయత్నమూ ఆగలేదు. మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ 1991లో ఎనిమిది ప్రశ్నల పట్టిక తయారుచేశాడు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ప్రయాణంలో నిద్ర వచ్చే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా వేసుకోవాలి, మొత్తం పది దాటితే ఆలోచించాలి. మద్యం ముట్టకుండా మధ్యాహ్న భోజనం చేసి కూర్చున్నప్పుడు కునుకు వస్తుందా అన్నది అందులో ఒక ప్రశ్న. ఎండాకాలం అన్నం తిని నడుం వాల్చడం దినచర్య అయిన ఊళ్లలో దానికి నిజాయితీగా జవాబు రాసినవాడికి మూడు మార్కులు ఊరికే పడతాయి.

జెలినో రోగికి ఏమైందో తెలిసింది 2000లో. హైపోథాలమస్‌లో ఒరెక్సిన్ అనే రసాయనాన్ని చేసే కణాలు నార్కోలెప్సీ రోగుల్లో దాదాపు పూర్తిగా నశించి ఉన్నాయి. ఆ రసాయనాన్ని కనిపెట్టి అప్పటికి రెండేళ్లే. ఫాన్ ఎకనమో వేలుపెట్టి చూపిన చోటు కూడా ఆ చుట్టుపక్కలే.

2008లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్, ఇంట్లో చేసిన నిద్ర పరీక్ష ఆధారంగానూ సీపాప్‌కు డబ్బు చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పటినుంచి చాలామంది ఆసుపత్రి గదికి పోకుండానే, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టుకుని సొంత మంచం మీదే పరీక్ష చేయించుకుంటున్నారు. ఇప్పటి సీపాప్ యంత్రాలు ఎన్ని గంటలు వాడారో, తొడుగు నుంచి గాలి ఎంత కారిందో, ఊపిరి గంటకు ఎన్నిసార్లు ఆగిందో నమోదు చేసి డాక్టరుకు పంపుతాయి. రోజూ పెట్టుకుంటున్నానని రోగి చెప్పేలోపే, పోయిన వారం రెండు రాత్రులు మాత్రమే పెట్టుకున్న సంగతి డాక్టరు ఎదుటి తెర మీద ఉంటుంది.