నటీమణి ఎలెన్ టెర్రీ

నాటకమును ప్రీతితో చూచుచు నటిని మాత్రము చిన్నచూపు చూచుట అనేక దేశములలో కనబడు దురాచారము. ఇంగ్లండును ఇందులకు వెలి కాదు. ఈ విషయమున ఎలెన్ టెర్రీ చరిత్రము మిక్కిలి బోధకముగా నున్నది. దానిని మన చదువరుల ముందుంచుట ఉచితమని మేము తలచుచున్నాము.

ఎలెన్ 1847వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన కవెంట్రీ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రు లూరూర తిరిగి నాటకము లాడువారు. 1856లో, తొమ్మిదేండ్ల ప్రాయమున, లండనులో చార్లెస్ కీన్ నడుపుచుండిన నాటకశాలయందు షేక్స్పియరు నాటకములో బాలరాకుమారుని వేషముతో ఆమె మొదట రంగమెక్కెను. రంగస్థలమే ఆమెకు బడి.

1864లో ఆమెకు వివాహమైనది. వధువునకు పదునారేండ్లు, వరుడు, చిత్రకారుడగు జార్జి వాట్సునకు నలువదియారేండ్లు. ఏడాది తిరుగకమున్నే ఆ కాపురము చెడెను. చట్టప్రకారము విడాకులు దొరకుటకు 1877వ సంవత్సరము రావలసివచ్చెను. ఈ నడుమ ఆమె వాస్తుశిల్పి గాడ్విన్‌తో కాపురముండి యిద్దరు బిడ్డలను కనెను. పెండ్లిలేని కాపురమని పెద్దమనుష్యుల యిండ్ల తలుపు లామెకు మూతపడెను. అప్పులు పైబడగా, బిడ్డల పోషణకై 1874లో ఆమె మరల రంగమునకు వచ్చెను. నింద మోయుట యెంత కష్టమో, నింద మోయుచు కుటుంబమును పోషించుట యంతకంటె కష్టము గదా!

1878లో హెన్రీ ఇర్వింగ్ తన లైసియం నాటకశాలకు ఆమెను ప్రధాననటిగా చేర్చుకొనెను. ఒఫీలియా, పోర్షియా, బియాట్రిస్ పాత్రలకు ఆమె జీవము పోసెను. 1888లో లేడీ మాక్బెత్ వేషమునకై జీరంగి రెక్కలు కుట్టిన పచ్చని యుడుపు ధరించెను. ఆమె నటన సహజముగా తోచినను, అది శ్రమలేనిది కాదు. నాటకప్రతుల యంచులనిండ తాను వ్రాసికొనిన గురుతులే యందులకు సాక్ష్యము. వార్ధక్యమున షేక్స్పియరు నాటకములలోని స్త్రీలను గూర్చి అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో సైత ముపన్యసించెను. 1916 మొదలు కొన్ని చలనచిత్రములలో నటించెను. కాని యవి మూగచిత్రములగుటచే జనులను మోహింపజేసిన యామె కంఠస్వరము వానిలో వినబడదు.

ఇర్వింగునకు 1895లో 'సర్' బిరుదము లభించెను. ఆ గౌరవము పొందిన మొదటి నటు డతడే. రంగమున అతనితో సమానముగా పేరుగాంచిన ఎలెన్‌కు 'డేమ్' బిరుదము 1925లో గాని రాలేదు. నడుమ ముప్పదియేండ్లు! విద్య ఒక్కటియే, వేదిక ఒక్కటియే. భేదమెల్ల స్త్రీపురుషులయెడ లోకము పట్టిన తక్కెడలో నున్నది. పురుషుని నడవడి నడుగని లోకము స్త్రీని తన కళతోపాటు గృహచరిత్రమును గూడ తూకమునకు పెట్టుమనును.

1928 జులై 21వ తేదీన కెంటు మండలములోని స్మాల్‌హైత్ గ్రామమున, తన యింట, ఆమె కన్నుమూసెను. 1939లో కుమార్తె ఈడిత్ ఆ యింటిని జాతీయనిధి సంస్థ కప్పగించెను. ఆ జీరంగి రెక్కల యుడుపు నేటికి నందే భద్రపరుపబడియున్నది. దానిని చూచి మెచ్చుకొను మనము, దానిని ధరించిన స్త్రీని బ్రదికియున్న దినములలోనే మన్నించుట నేర్చుకొనవలదా?