మీడియావికీలో లెస్

తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో లెస్ అనే ప్రీప్రాసెసర్‌కు, అంటే వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌ను సులువుగా రాయించే భాషకు, చోటు 2013 డిసెంబరులో, 1.22 వెర్షన్‌తో దక్కింది. లెస్‌లో రాసిన స్టైల్ ఫైళ్లను సర్వరే మామూలు సీఎస్ఎస్‌గా మార్చి బ్రౌజర్‌కు పంపుతుంది.

నేపథ్యం

1996లో ప్రమాణంగా వెలువడిన సీఎస్ఎస్‌లో విలువలకు పేర్లు పెట్టి వాడుకునే వేరియబుల్స్ లేవు. ఒక రంగు మార్చాలంటే అది వాడిన ప్రతిచోటా దిద్దాల్సిందే. ఈ లోటు తీర్చడానికి 2006లో సాస్ అనే ప్రీప్రాసెసర్, 2009లో లెస్ వచ్చాయి. వెబ్‌సైట్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్ జూమ్లా కూడా 2012లో తన 3.0 వెర్షన్‌లో బూట్‌స్ట్రాప్ అనే డిజైన్ ఫ్రేమ్‌వర్క్‌తోపాటు లెస్‌ను స్వీకరించింది.

ఎంపిక, పనితీరు

మీడియావికీని పీహెచ్‌పీలో రాశారు. సొంత వికీ నడుపుకునేవారు ప్రీప్రాసెసర్లను నడిపే రూబీ, నోడ్ వంటివి అదనంగా పెట్టుకోనవసరం లేకుండా, పీహెచ్‌పీలోనే పనిచేసే లెస్ కంపైలర్‌ను ఎంచుకున్నారు. మీడియావికీలో 2011 నుంచి ఉన్న, స్టైల్ ఫైళ్లను బ్రౌజర్‌కు అందించే రిసోర్స్‌లోడర్ అనే భాగం ఈ కంపైల్ పని చూస్తుంది. ఫలితాన్ని క్యాష్‌లో దాచి, మూల ఫైలు గానీ అది దిగుమతి చేసుకున్న ఫైళ్లు గానీ మారినప్పుడే మళ్లీ కంపైల్ చేస్తుంది. కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ వంటి భాషలకు అమరికను తిప్పేదీ అదే.

తెలుగు వికీపీడియాలో

తెలుగుతో సహా పలు భారతీయ భాషల శీర్షికలకు మీడియావికీ స్టైల్ ఫైళ్లు అక్షర పరిమాణానికి 1.6 రెట్ల వరుస ఎత్తు ఇస్తాయి. బాపట్ల, రేపల్లె వంటి పేర్లలో అక్షరం కిందికి దిగే వత్తులకు ఇది అవసరం. వత్తులేని తెనాలికీ అదే నియమం.

పరిమితులు, మార్పులు

లెస్ సాఫ్ట్‌వేర్ కోడ్‌కే పరిమితం. వికీలోనే దిద్దే కామన్ స్టైల్ పేజీలో, మూసలకు స్టైల్ జోడించే 2018 నాటి టెంప్లేట్‌స్టైల్స్‌లో మామూలు సీఎస్ఎస్ మాత్రమే చెల్లుతుంది. లెస్ వేరియబుల్స్ విలువలు సర్వర్‌లోనే ఖరారైపోతాయి. పాఠకుడు పేజీ చూస్తూ రంగులు మార్చుకునే వీలు వాటితో రాదు. అందుకే 2024లో వికీపీడియాకు వచ్చిన డార్క్ మోడ్ బ్రౌజర్‌లోనే పనిచేసే సీఎస్ఎస్ వేరియబుల్స్‌పై ఆధారపడింది. మూల ఫైళ్లను రాయడానికి లెస్ ఇప్పటికీ వాడుకలో ఉంది.