పిల్లల లాలాజలంలోని రోగనిరోధక సూచికలు, దంతక్షయం

ఒకే ఇంట్లో ఒకే తిండి తినే ఇద్దరు పిల్లల్లో ఒకరి పళ్లు పుచ్చిపోతాయి, మరొకరివి గట్టిగా ఉంటాయి. ఈ తేడాకు జవాబు ఉమ్మిలో దొరుకుతుందేమోనన్న ఆశతో పుట్టిన పరిశోధన ఇది. స్రావక ఐజీఏ అనే ప్రతిరక్షకం, లైసోజైమ్, లాక్టోఫెర్రిన్, డిఫెన్సిన్లు ఇందులో తరచూ కొలిచే పదార్థాలు.

నోటిలోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను పులియబెట్టగా పుట్టే ఆమ్లం పంటిని కరిగిస్తుందని బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు విలోబీ మిల్లర్ 1890లో వివరించారు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో లైసోజైమ్‌ను వెల్లడించారు. జలుబు చేసినవారి చీమిడిలో మొదట కనబడిన ఆ పదార్థం కన్నీటిలోనూ ఉమ్మిలోనూ ఉందని తేలింది. 1924లో క్లార్క్ లండన్‌లో పుచ్చిన పళ్ల నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను వేరుచేసినా, 1960లో పాల్ కీస్ హామ్‌స్టర్ల మధ్య దంతక్షయం అంటుకుంటుందని చూపేదాకా ఆ ఆవిష్కరణకు పెద్దగా ఆదరణ దక్కలేదు. అంటుకునేదైతే శరీరం దాన్ని ఎదిరించాలి కదా అన్న ప్రశ్న అక్కడ మొదలైంది.

బెల్జియంలో జోసెఫ్ హెరెమాన్స్ 1959లో రక్తంలోని ఐజీఏను శుద్ధిచేసి వర్ణించారు. లాలాజలం, ముర్రుపాలు వంటి స్రావాల్లో ఉండే ఐజీఏకు ప్రత్యేక నిర్మాణం ఉందని అమెరికాలో థామస్ టొమాసీ బృందం 1965లో చూపింది. ఈ స్రావక ఐజీఏ బ్యాక్టీరియాను ముద్దకట్టించి, పంటిపైని పలుచని పొరకు అంటుకోనివ్వకుండా చేస్తుంది, వాపు మాత్రం తెప్పించదు.

దీంతో పుచ్చుపళ్లకు టీకా వస్తుందన్న నమ్మకం బలపడింది. లండన్‌లో థామస్ లేనర్ కోతులపైనా, బోస్టన్‌లోని ఫోర్సిత్ సంస్థలో మార్టిన్ టాబ్‌మన్, డేనియల్ స్మిత్ ఎలుకలపైనా ఏళ్ల తరబడి శ్రమించారు. మ్యూటన్స్‌పై పుట్టిన ప్రతిరక్షకాలు గుండె కండరాన్నీ తాకవచ్చన్న భయం ఆ ప్రయత్నాన్ని వెనక్కి లాగింది. ఈలోగా ఫ్లోరైడ్ పేస్టు ఇంటింటికీ చేరి, టీకా అవసరాన్ని తగ్గించింది. ప్రాణం తీయని జబ్బుకు పిల్లలకు ఏ చిన్న ముప్పూ తేకూడదన్న జాగ్రత్త సరైనదే.

పిల్లల్లో చేసిన అధ్యయనాలు మాత్రం ఒక దారిలో నడవలేదు. పుచ్చుపళ్లున్నవారిలో ఐజీఏ తక్కువని కొన్ని చెబితే, ఎక్కువని మరికొన్ని చెప్పాయి. కొలత తీరు చూస్తే కారణం తెలుస్తుంది. పిల్లవాడిని తల వంచి కూర్చోబెట్టి, పెదవి మీదుగా కారే ఉమ్మిని గొట్టంలో పట్టి, వెంటనే మంచులో పెడతారు. ఉమ్మి మెల్లగా ఊరితే అదే ఐజీఏ చిక్కగా కనబడుతుంది, వేగంగా ఊరితే పలుచబడుతుంది. అందుకే నిమిషానికి ఎంత స్రవించిందో కూడా లెక్కకట్టాలి. ఉదయానికీ సాయంత్రానికీ తేడా ఉంటుంది. వయసు ఇంకా పెద్ద చిక్కు: పుట్టినప్పుడు దాదాపు లేని ఈ ప్రతిరక్షకం బాల్యమంతా పెరుగుతూ పోతుంది కనుక, అయిదేళ్ల పాపను పద్నాలుగేళ్ల అబ్బాయితో పోల్చకూడదు. యుక్తవయసులో చిగుళ్లు వాచి రక్తం కారితే, రక్తంలోని ఐజీజీ అనే మరో ప్రతిరక్షకం కూడా ఉమ్మిలో కలుస్తుంది.

వీటన్నిటికన్నా లోతైన అడ్డంకి కాలక్రమానిది. ఒక్కసారి ఉమ్మి తీసి చూస్తే, ఐజీఏ పెరిగాక పన్ను నిలిచిందో, పన్ను పుచ్చి బ్యాక్టీరియా పెరిగినందుకే ఐజీఏ పెరిగిందో తేలదు. పళ్లు బాగున్నప్పుడే మొదలుపెట్టి ఏళ్లపాటు వెంటాడి చూసే అధ్యయనాలే దీన్ని తేల్చగలవు. వాటికి డబ్బూ ఓపికా కావాలి, మధ్యలో బడి మారిన పిల్లలు జారిపోతారు.

2005లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 149 మంది మిడిల్ స్కూల్ పిల్లల లాలాజలం పరీక్షించారు. పుచ్చులేని పిల్లల్లో ఆల్ఫా డిఫెన్సిన్లు ఎక్కువగా ఉన్నాయి, ఎల్‌ఎల్-37 అనే పెప్టైడ్‌కు మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు. చూపు ఒక్క ఐజీఏ నుంచి పలు పదార్థాల కలయిక వైపు మళ్లడానికి ఇలాంటి ఫలితాలు తోడ్పడ్డాయి. అయినా ఇవేవీ దంతవైద్యుడి కుర్చీ దగ్గర రోజువారీ పరీక్షగా స్థిరపడలేదు. ఒక పిల్లవాడికి రేపు పళ్లు పుచ్చుతాయా అని అంచనా వేయడానికి, ఇప్పటికే ఎన్ని పుచ్చాయన్న లెక్కే నేటికీ అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం.