మోటుపల్లి స్తంభము - మన కాటాలు

తుంగభద్ర ఎడమకాలువ నీరు వచ్చిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి తరలివచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు కట్టుకొన్న మనవారిలో కొందరు సేద్యముననే నిలిచినారు. కొందరు రైసుమిల్లులు, అడితి కొట్టులు పెట్టి పెద్దలైనారు. ఈ ఉగాదినాడు ఆ పెద్దరికమును గూర్చి యోచించుచుండగా మాకు మోటుపల్లి జ్ఞప్తికి వచ్చినది.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో చినగంజాము చెంతనున్న చిన్న గ్రామము. 13వ శతాబ్దమున కాకతీయుల రేవు. తుపానుకు ఓడ పగిలి దరికి కొట్టుకొని వచ్చినచో అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వమును ఆ నేల నేలు రాజు తీసుకొనుట పూర్వాచారము. గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించి దానిని మానినాడు. ప్రాణములకు తెగించి సముద్రము దాటు వర్తకులపై దయదలచి, సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుతుమనినాడు. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు.

దయయని శాసనము చెప్పుచున్నది. లాభమును కలదని మా అభిప్రాయము. చేజిక్కిన సొత్తును విడిచిన రేవుకే ఓడ మరల వచ్చును. ఆ శతాబ్దము చివర మార్కోపోలో ఈ రాజ్యమును ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి రాణి న్యాయమును, సన్నని బట్టలను పొగడినాడు. కాని ఒకరి మాట వారితోనే పోవును గదా! 1323లో కాకతీయ రాజ్యము కూలినది. 1358లో అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మరల శాసనము వేయవలసి వచ్చినది.

ఆ కాకతీయుల కాలపు 1294 నాటి తెలుగు శాసనము మన రాయచూరు కోటగోడలోని పెద్దరాతిపై నేటికిని ఉన్నది. మన పిల్లలెందరు చూచిరో తెలియదు.

ఇక మన సంగతి. నాట్లనాడు ఎరువులకు అప్పిచ్చిన కొట్టుకే కోతనాడు ధాన్యము పోవును. కాటా దగ్గర నిలుచున్న రైతు పగిలిన ఓడవానివంటివాడే: నెత్తిన బాకీ, మీద మబ్బు, వేరొకచోటికి పోలేడు. తేమ పేరిట బస్తాకింతని అదనపు తరుగు తీసినవారిని ఎరుగుదుము. తడిసిన ధాన్యమును అనుకొన్న ధరకే దించుకొని, ఆ ఏడు తాము నష్టపోయినవారిని కూడ ఎరుగుదుము. మార్కెట్ల చట్టము 1966లోనే వచ్చినది. కళ్ళములో రాత్రివేళ జరుగు తూకమునకు చట్టము తోడు రాదు.

అయినను సంఘమునకు పెద్దల నెన్నుకొనునప్పుడు మనము చూచునది విరాళపు అంకెను, కాటాను కాదు. మేమును ఆ తప్పు చేసినవారమే.

వేసవికి స్వగ్రామములకు పోవువారు చినగంజాములో రైలు దిగి, వీరభద్రాలయములోని ఆ స్తంభమును పిల్లలకు చూపి రావచ్చును.