ప్రాణహిత ఒడ్డున తలలు లేని రాక్షసబల్లులు

హైదరాబాదు బిర్లా సైన్సు సెంటరులో నిలబెట్టిన రాక్షసబల్లి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ లాటిను తొడుగు తీసేస్తే లోపల మిగిలేవి మన నది ఒడ్డు పల్లెలు రెండు. అందుకే నాకాపేరంటే ఇష్టం. కోట గ్రామం ప్రాణహితకు ఆవల, మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో ఉంది; అక్కడి రాతిపొరలకు ఆ ఊరిపేరే పెట్టారు. యామన్‌పల్లి ఈవల, పాత ఆదిలాబాదు జిల్లాలోనిది. 1988లో పి. యాదగిరి ఈ జంతువుకు నామకరణం చేశారు.

కోట శిలలు జురాసిక్ యుగం తొలి భాగానివని ఎక్కువమంది మతం. మరికొంత తర్వాతివనే వారూ ఉన్నారు. ఎర్రమట్టి, ఇసుకరాయి, నడుమ సున్నపురాయి. ఆ సున్నపురాతిలో గట్టి మెరుపు పొలుసుల చేపలు దొరికాయి. వాటి వర్ణనలు 1850ల నాటికే లండనులో అచ్చయ్యాయి.

పెద్ద ఎముకల సంగతి తేలడానికి మరో నూరేళ్ళు పట్టింది. 1961లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు సిరొంచ వైపు తవ్వితే, ఒక్క తొడఎముకే 1.7 మీటర్లు దాటింది. బెంగాలీలో ‘బడా పా’ అంటే పెద్దకాలు. అది రవీంద్రుని శతజయంతి సంవత్సరం కూడాను. ఆ రెండూ కలిసి 1975లో బారాపాసారస్ టాగోరై అయింది. తెలుగు పలికే నేల మీది జంతువుకు బెంగాలీ పేరేమిటని కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. నాకా బాధ లేదు. తవ్వినవాడిదే పేరు పెట్టే హక్కు!

నన్ను వేధించేది వేరొకటి. బారాపాసారస్‌వి కనీసం ఆరింటి ఎముకలు, సుమారు మూడువందలు, దొరికాయి. కోటాసారస్‌వి పన్నెండింటివి. రెంటిలో దేనికీ తల లేదు, విడి పళ్ళు తప్ప! ఇటువంటి జంతువుల పుర్రె పలుచన, మెడకు దాని అతుకూ బలహీనం. శవం కుళ్ళగానే ఊడి నీటితో పోతుంది. బారాపాసారస్ ఎముకలతోపాటు పెద్ద చెట్టు మొద్దులు కూడా దొరికాయి కనుక, వరద మాట కొట్టివేయలేము. తల లేనందువల్ల కళ్ళెంత, ముక్కు ఎక్కడ, మూతి ఎంత వెడల్పు అన్నవన్నీ పరాయి దేశాల బంధువులను చూసి ఊహించవలసినవే.

ఇక విచిత్రమేమంటే, ఆ భారీ దేహాల తలలు నిలువని కోట శిలల్లోనే చిట్టెలుకంత క్షీరదాల పళ్ళు భద్రంగా ఉన్నాయి. 1981లో పి.ఎం. దత్తా అటువంటి ఒక పంటిని ఆధారం చేసుకొని కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు. మళ్ళీ కోట! ఈసారి వెంట ఉన్నది, కలకత్తాలో కొంతకాలం పనిచేసి భారతీయుడైపోయిన జె.బి.ఎస్. హాల్డేన్ పేరు. రాక్షసబల్లుల కాళ్ళ సందుల్లో తిరిగిన ఆ పిల్లప్రాణి మన దూరపు చుట్టం.