మేళ్లచెర్వు బండ, గచ్చిబౌలి దుమ్ము

ఆ పత్తికట్టె ఇంకింత ఎగదొయ్యిరా, మంట సల్లారుతాంది. శాలువ నాకెందుకు, చిన్నదానికి కప్పు.

మొన్న 2025 డిసెంబర్ల మీ అన్న నన్ను గచ్చిబౌలి స్టేడియంకు తోల్కపోయిండు గదా, మోటర్ సైకిళ్ల పందెం సూపిస్తనని. సెవులల్ల దూది పెట్టుకోమన్నడు. పెట్టుకున్న, అయినా ఆ మోతకు కడుపుల గుబగుబ. బయట గుట్టల్ల, గుంతలల్ల తొక్కితే మోటోక్రాస్ అంటరంట. అదే స్టేడియం నడుమ లారీలకు లారీల మట్టి పోసి, దిబ్బలు కట్టి తొక్కితే సూపర్‌క్రాస్ అంట. వేరే దేశాల పిలగాండ్లు గూడ వొచ్చిండ్రు. చిన్నోళ్లకు 85 సీసీ బండ్లు, పెద్దోళ్లకు 250, 450. నాకు నవ్వొచ్చింది. మనం ఎడ్లకు పండ్లు సూసినట్టు వాళ్లు బండ్లకు సీసీలు సూస్తున్నరు!

పండ్లేంది అంటవా? బండలాగుడు పందాలల్ల జతలను పండ్లను బట్టే ఇడగొడ్తరు. పాలపండ్లయి ఒక దిక్కు, రెండు పండ్లయి ఒక దిక్కు, ఇగ నాలుగు, ఆరు. నోరు తెరిచి సూడందే బరిలకు రానియ్యరు.

సాగర్ ఎడమ కాలువకు 1967ల నీళ్లిడిసిండ్రు. అటెన్క పన్నెండు పదమూడేండ్లకు నేను గూడ బండలాగుడుకు పోయిన ముచ్చట ఇది. నాకు పంతొమ్మిదేండ్లు. నీళ్లొచ్చి నాలుగు గింజలు ఎల్లినంక మా నాయిన ఒంగోలు కోడెల జత కొన్నడు. ఇంట్ల మాకు చారునీళ్లే, వాటికి మాత్రం ఉడకబెట్టిన ఉలవలు. మా అమ్మ రోజూ తిట్టేది. శివరాత్రికి మేళ్లచెర్వు జాతర. ఇప్పుడంటే సూర్యాపేట జిల్లా, మాకప్పుడు అంతా నల్లగొండే. కృష్ణ అవతలి నుంచి గూడ జతలొచ్చేటియి. గవి దిగుతుంటే మావోళ్ల మొఖాలు వాడేటియి.

ఎండల నడిస్తే అలుస్తయని రాత్రిపూట తోల్కపోయినం. నాయిన రెండు ఎడ్ల నడుమ గడ్డేసుకొని పండుకున్నడు. తెల్లారకముందే లేపిండు. చెప్పులిడిసి బరి ఈ కొస నుంచి ఆ కొసకు నడిసిండు. యాడ మన్ను మెత్తగుందో, యాడ గులకరాళ్లున్నయో అరికాలుతోని సూసుకుంట పోయిండు. 'మలుపుకాడ పల్లముంది, ఎలపటి దాన్ని ముందే అదిలించాలె' అన్నడు. ఇంకో మాట మాట్లాడలె.

గచ్చిబౌలిల నేను సూసింది అదే. బండెక్కకముందు ఆ పిలగాండ్లు బరంతా కాలినడకన తిరుగుతున్నరు. దిబ్బ మీద బూటుతోని తొక్కి సూస్తున్నరు, సేతులతోని గాల్ల గీతలు గీస్తున్నరు. పందెం మొదలయ్యేకాడ అడ్డం ఇనుప కమ్ములుంటయి, గవి కిందికి పడంగనె ఉరుకుడే. అంతకుముందు ఒక్కొక్కడు తన కమ్మి ఎనక మన్నును బూటుతోని గీకి సాపు చేసుకుంటున్నడు, కల్లంల జాగ సదురుకున్నట్టు. కండ్లద్దాల మీద పల్చటి పొరలు ఒకదాని మీదొకటి అంటిచ్చుకుంటరు. మట్టి కొట్టుకున్నదంటే పైపొర పీకి ఇసిరేసుడే, ఉల్లిగడ్డ పొట్టు తీసినట్టు. మా అసుంటోళ్లకు తువ్వాలే దిక్కుండె.

మేళ్లచెర్వుల మాకిచ్చిన టైము పదిహేను నిమిషాలు. కాడికి గొలుసు, గొలుసుకు బండ. నాయిన దాపట పక్కకు, నేను ఎలపట పక్కకు. మొదటి రెండు మలుపులు మంచిగనే గుంజినయి. జనం కేకలకు నాకు ఒళ్లు తెలుస్తలేదు. మూడో మలుపుకాడ ఆ పల్లం రానే వొచ్చింది. ముందే అదిలించమన్నది యాదికి రాలె. ఎలపటి ఎద్దు కాలు జారంగనె భయపడి ములుగర్రతోని పొడిసిన. ఒక్కటి కాదు, మూడు పోట్లు.

అది నిలబడ్డది. తల తిప్పి నా దిక్కు సూసింది. అంతే, ఇగ కదలలె.

పక్కనోళ్లు తోక మెలిపెట్టమని ఒర్లుతున్నరు. నాయిన ఇటు దిక్కు వొచ్చి ములుగర్ర గుంజుకొని అవతల పారేసిండు. మూపురం మీద అరచెయ్యి పెట్టి ఊకున్నడు. అవతల టైము పోతాంది, ఈయన చెయ్యి తీస్తలేడు. ఎద్దు ఊపిరి నిమ్మళమైనంక నాలుక చప్పరిచ్చిండు. బండ కదిలింది. ఇంకో నలభై అడుగులు పోయినంక ఈల కొట్టిండ్రు. టేపు పెట్టి కొలిసి అడుగులు, అంగుళాలు చదివిండ్రు. మా పేరు ఎనకెనకనే వొచ్చింది.

గచ్చిబౌలిల ఒక పిలగాడు దిబ్బ మీంచి దిగంగ పడ్డడు. బండి ఒక దిక్కు, వాడొక దిక్కు. పక్కనుంచి అందరు పోతున్నరు. వాడు లేసి బండిని నిలబెట్టి, హ్యాండిల్ వంకర పోయిందా అని అటిటు తిప్పి, ఒక్క గడియ టాంకీ మీద చెయ్యి పెట్టి ఆగిండు. మీ అన్న 'ఇంకెందుకు ఆగుడు, పో!' అని ఒర్లుతున్నడు. నేను మాత్రం వాడి చెయ్యినే సూస్తున్న.

ఏందిరా? నాయిన కొట్టిండా అంటవా? లేదు. ఆ రాత్రి నాకు అన్నం గూడ ఆయనే పెట్టిండు. ఎద్దే, ఉగాది దాక నా చేతి ఉలవలు ముట్టలె.